పోసిన నీళ్లు వేరుకు అందాలంటే: హైదరాబాద్ మిద్దె తోటలకు సమగ్ర మార్గదర్శి

"రోజూ పోస్తూనే ఉన్నానండీ, అయినా వాడిపోతోంది. ఇంకో మగ్గు పోయనా?" వారంలో ఒక్కరైనా నన్ను ఈ ప్రశ్న అడగకుండా ఉండరు. మే నెలలో అడిగితే ఒక జవాబు, ఆగస్టు ముసురులో అడిగితే దానికి సరిగ్గా ఎదురు జవాబు. అందుకే మగ్గుల లెక్క చెప్పడం మానేశాను. నీళ్లు మట్టిలోంచి వేరులోకి, వేరులోంచి ఆకుకు ఏ దారిన పోతాయో ఒకసారి చూస్తే, ఏ రోజు ఎంత పోయాలో మీకే తెలిసిపోతుంది. కింద రాసిందంతా నాగోల్‌లో మా మిద్దె మీద కుండీలతో, గ్రో బ్యాగులతో పదే పదే చేసి చూసుకున్న వరసే.

1. ముందు నీటి దారి చూడండి

మొక్క నోరు కాండం మొదట్లో ఉండదు. కాండం దగ్గరి లావు వేర్ల మీద బెరడు కట్టి ఉంటుంది. వాటి పని మొక్కను నిలబెట్టడం, వచ్చిన నీటిని పైకి చేరవేయడం. తాగే పని మాత్రం లేత వేరు కొసలది. కొసకు కాస్త వెనకగా, కొద్ది మేర తెల్లటి నూగు ఉంటుంది. ఇవే మూలకేశాలు. ఒక్కో కేశం ఒక్క కణమే, అదీ పక్కకు సాగిన కణం. మట్టి రేణువుల సందుల్లోకి దూరి, రేణువును పట్టుకుని ఉన్న పల్చటి తడిని అందుకుంటుంది. దాని ఆయుష్షు చాలా మొక్కల్లో కొన్ని రోజులే, మహా అయితే రెండు మూడు వారాలు. వేరు ముందుకు పెరుగుతూ కొత్త నూగు పుట్టిస్తుంటే, వెనకది రాలిపోతూ ఉంటుంది.

ఇక నీరు లోపలికి ఎలా వస్తుందో మాగాయ పెట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట వచ్చేస్తుంది. ఉప్పు చిక్కగా ఉన్న వైపుకు నీరు కణాల పొర దాటుకుని పోతుంది. దీన్నే బడిలో ద్రవాభిసరణ అని చదివాం. మాగాయలో ఉప్పు బయట ఉంది కాబట్టి ముక్కలోని నీరు బయటికి వచ్చింది. వేరులో అంతా తిరగేసి ఉంటుంది: లవణాలు, చక్కెరలు వేరు కణాల లోపల ఎక్కువ, మట్టి నీటిలో తక్కువ. అందుకని నీరు లోపలికి నడుస్తుంది.

ఈ తేడా దానంతట అది నిలవదు. వేరు మట్టిలోని లవణాలను పట్టి లోపలికి తోడుతూనే ఉండాలి. తోడాలంటే శక్తి కావాలి, శక్తికి ఆక్సిజన్ కావాలి. అంటే వేరు కూడా ఊపిరి పీలుస్తుంది, మట్టి సందుల్లో ఉన్న గాలితో. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా వ్యాసంలో సగం అర్థమైనట్టే.

మూలకేశంలోకి వచ్చిన నీరు వల్కలం అనే మెత్తటి భాగం గుండా లోపలికి పోతుంది. కొంత కణాల్లోంచి, కొంత కణాల గోడల వెంట. గోడల వెంట వచ్చే నీటిని అడిగేవాడుండడు, అందులో ఏం కలిసుంటే అవి వచ్చేస్తాయి. కానీ వేరు నడిమికి ముందు అంతశ్చర్మం అని ఒక వరస కణాలుంటాయి. వాటి గోడల్లో నీరు దూరని పట్టీ ఉంటుంది, కాస్పేరియన్ పట్టీ అంటారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిదనుకోండి. ఇక్కడ ప్రతి చుక్కా బతికున్న కణం పొర దాటే లోపలికి వెళ్లాలి.

ఆ లోపల ఉన్నవి దారు నాళాలు. నీళ్లు మోసే ఈ గొట్టాలు చచ్చిన కణాలే. లోపలి సరుకంతా పోయి గోడలు మాత్రం మిగిలాకే అవి పనికొస్తాయి. వేరు కొసల నుంచి ఆకు ఈనెల దాకా ఇదే గొట్టాల వరస.

మరి పైకి ఎవరు లాగుతున్నారు? చాలామంది వేరు పంపులా తోస్తుందనుకుంటారు. వేరు తోయడమూ ఉంది, కానీ దాని బలం కొద్ది మీటర్ల ఎత్తుకు మించదు, పగలు అది దాదాపు లెక్కలోకే రాదు. అసలు లాగేది ఆకు. ఆకు అడుగున ఉన్న పత్రరంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతుంటే, దాని వెనక ఉన్న నీరు ముందుకు జరుగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి, మల్లెదండ కొస పట్టి లాగితే బుట్టలో దండంతా కదిలినట్టు వేరు దాకా ఆ లాగుడు అందుతుంది. అలా వచ్చిన నీటిలో నూటికి 95 వంతుల పైనే ఆవిరైపోతుంది. మొక్క తన ఒంటికి వాడుకునేది కొద్దిపాటే.

వేరు తోపు బలం చూడాలంటే వానాకాలం తెల్లవారుజామున చేమాకు, టమాటా ఆకు అంచులు చూడండి. వరసగా చుక్కలు నిలబడి ఉంటాయి. మంచు అనుకుంటాం, చాలాసార్లు అది లోపలి నుంచి వచ్చిన నీరే. రాత్రి పత్రరంధ్రాలు మూసుకున్నా వేరు తోస్తూనే ఉంటుంది కాబట్టి అంచుల్లోంచి చుక్కలు కడతాయి. పొద్దున్నే ఆ చుక్కలు కనబడితే మట్టిలో తడి బాగా ఉందని లెక్క, ఆ రోజు పైపు ముట్టుకోకండి.

2. ఇంట్లోనే చూసుకునే రెండు పరీక్షలు

ఆవాల పరీక్ష. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి గుడ్డ పరచి, చిటికెడు ఆవాలు చల్లి మూత పెట్టండి. రెండు మూడు రోజుల్లో మొలకలొస్తాయి. తెల్లటి వేరు చుట్టూ దూదిలాంటి నూగు కనిపిస్తుంది. బూజు పట్టిందని పారేయకండి, మూలకేశాలు అవే. ఇప్పుడు ఒక మొలకను బయట పెట్టి ఒక్క నిమిషం ఫ్యాను కింద ఉంచండి. నూగు వేరుకు అతుక్కుపోయి మాయమవుతుంది. మొక్కను పీకి, వేర్లు దులిపి, ఎండలో పెట్టి, తీరిగ్గా గొయ్యి తీస్తే ఏమవుతుందో ఆ నిమిషంలో అర్థమైపోతుంది.

లిల్లీ కాడ పరీక్ష. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో పొడుగు కాడలతో తెల్ల లిల్లీలు దొరుకుతాయి. ఒక కాడ కొసను నీళ్లలో ముంచి ఉంచే ఏటవాలుగా కోసి, స్వీట్లలో వేసే ఎర్రరంగు కలిపిన గ్లాసులో నిలబెట్టండి. కొన్ని గంటల్లో రేకుల అంచుల్లోకి రంగు పాకుతుంది. కాడను అడ్డంగా కోస్తే ఎర్రటి చుక్కలు కనబడతాయి, దారు నాళాలు అవే. ఇక్కడ అసలు వేరు లేదు, అయినా నీరు ఎక్కింది. లాగేది పైనుంచేనని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నీళ్లలో ముంచి కోయమన్నది ఎందుకంటే, గాలిలో కోస్తే నాళంలో గాలిబుడగ చేరి దండ తెగిపోతుంది.

3. నీళ్లు పోయకముందే సరిచేసుకోవాల్సినవి

కుండీలో చచ్చే మొక్కల్లో ఎక్కువ శాతం నీళ్ల దగ్గర కాదు, ఈ అంకం దగ్గరే చెడతాయని నా గట్టి నమ్మకం.

మట్టి. ఒట్టి ఎర్రమట్టి కుండీలో నాలుగు నెలల్లో ఇటుకలా బిగుస్తుంది. ఒట్టి రేగడి ఇంకా అన్యాయం, తడిస్తే బంక, ఎండితే పగుళ్లు. నేను కలిపేది: ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం వంతు, ముతక ఇసుక సగం వంతు, పైన గుప్పెడు వేపపిండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. విడిపోకపోతే ఇసుక కలపండి. అసలు ముద్దే కట్టకపోతే ఎరువు కలపండి.

అడుగు. కంకర రాళ్ల పొర వేస్తే నీరు బాగా దిగిపోతుందని అందరూ చెబుతారు. చాలా ఏళ్లు నేనూ వేశాను. సన్న మట్టిలోని నీరు కింద ఉన్న పెద్ద పెద్ద సందుల్లోకి అంత తేలిగ్గా దిగదు, మట్టి పూర్తిగా నానేదాకా రాళ్ల మీదే ఆగిపోతుంది. అంటే బురద పొర కుండీ అడుగు నుంచి పైకి, వేర్ల దగ్గరికి జరుగుతుంది తప్ప పోదు. రాళ్లు మానేసి, రంధ్రం మీద ఒక కుండ పెంకు బోర్లించి, మట్టి నింపండి.

నీరు. నల్లా నీళ్లు మొక్కలకు మంచివే, బకెట్లో పట్టి రాత్రంతా ఉంచితే క్లోరిన్ కూడా చాలావరకు పోతుంది. బోరు నీళ్లు చాలా కాలనీల్లో ఉప్పగా, గట్టిగా ఉంటాయి. తాగే నీటికి భారతీయ ప్రమాణం చెప్పే టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా. మీ బోరు 1000 దాటితే కుండీలకు అదొక్కటే వాడకండి. వడపోత మిషన్ వదిలే నీళ్లు పారేయలేక మొక్కలకు పోసేవాళ్లున్నారు. ఉన్న ఉప్పంతా ఆ నీళ్లలోనే చిక్కబడి ఉంటుంది. దాంతో బండలు కడగండి, కుండీలో పోయకండి. ఏసీ నీళ్లు నిక్షేపంగా వాడొచ్చు.

మొదలుపెట్టే ముందు ఒకసారి చూసుకోండి:
- కుండీ అడుగున కనీసం మూడు నాలుగు రంధ్రాలు, వేలి మందాన, తెరుచుకుని ఉన్నాయా?
- కుండీ స్టాండు మీదో రెండు ఇటుకల మీదో ఉందా? బండకు అతుక్కుంటే రంధ్రం మూసుకున్నట్టే, స్లాబుకూ మంచిది కాదు.
- మట్టి అంచు కంటే రెండు అంగుళాలు కిందికి ఉందా? లేకపోతే పోసింది పొర్లిపోతుంది.
- ఒక మగ్గు పోస్తే ఐదు నిమిషాల్లోపు ఇంకుతోందా?
- పైన ఎండుటాకులో, కొబ్బరి పీచో రెండంగుళాలు కప్పారా?

4. నీళ్లు పోసే వరస

ఒకటి: తడి చూడండి. పైమట్టి ఎండినట్టు కనబడటం పరీక్ష కాదు. చూపుడువేలు రెండు కణుపుల లోతు గుచ్చండి. పెద్ద బ్యాగైతే చీపురుపుల్ల గుచ్చి రెండు నిమిషాలుంచి తీయండి. మట్టి అంటుకుని వస్తే ఈ పూట వద్దు. కొన్నాళ్లు పోయాక కుండీ అంచు పట్టి కొంచెం ఎత్తి చూస్తే బరువును బట్టే తెలుస్తుంది.

రెండు: పైపులోని వేడినీళ్లు ముందు వదిలేయండి. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద నల్లటి ట్యాంకులో, పైపులో ఉన్న నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. లేత వేరు కొసలకు అదే చావు. సూర్యోదయానికి అటూ ఇటూగా పోస్తే ఈ బాధే లేదు. ఆ వేళకు పోస్తే ఇంకో లాభం: వెలుగు రాగానే పత్రరంధ్రాలు తెరుచుకుని ఆకు లాగడం మొదలుపెట్టేసరికి వేరు దగ్గర సరుకు సిద్ధంగా ఉంటుంది.

మూడు: ఒకేసారి కుమ్మరించకండి, రెండు విడతలుగా పోయండి. మొదట కొద్దిగా, మట్టి పైభాగం మొత్తం తడిసేలా. ఐదు పది నిమిషాలు ఆగండి. మిగతా కుండీలకు పోసి తిరిగి రండి. ఇప్పుడు రెండో విడత, అడుగు రంధ్రంలోంచి కారే దాకా. ఎందుకంటే పూర్తిగా ఎండిన కోకోపీట్ నీటిని పట్టదు. మట్టి ముద్ద కుంచించుకుని కుండీ గోడ నుంచి విడివడి ఉంటుంది. పోసింది ఆ సందులోంచి జారి నిమిషంలో కింద కారిపోతుంది. "కారింది కదా, చాలు" అనుకుంటాం, మధ్యలో వేరు పొడిగానే ఉంటుంది.

నాలుగు: కాండం మొదట్లో కాదు, చుట్టూ పోయండి. తాగే కొసలు కుండీ అంచుల వైపు ఉంటాయి. నేల మీద ఉన్న మామిడి, నిమ్మ చెట్లకైతే కొమ్మల గొడుగు ఎక్కడిదాకా నీడ పడుతుందో ఆ అంచు చుట్టూ పాదు చేసి పోయాలి. మొదట్లో రోజూ బురద చేస్తే కాండం కుళ్లుతుంది.

ఐదు: పళ్లెంలో చేరిన నీళ్లు అరగంటలో పారబోయండి. వేర్ల కోసమే కాదు, దోమల కోసం కూడా.

ఆరు: మళ్లీ వేలు తడి చూపించే దాకా ఆగండి. మట్టి కొంచెం ఆరితేనే సందుల్లోకి గాలి వస్తుంది. రోజూ కొసరు కొసరుగా చిలకరిస్తే పైన రెండంగుళాలే తడుస్తాయి, వేర్లూ అక్కడే తిరుగుతుంటాయి. ఒక్క రోజు పోయకపోతే వాడిపోయే మొక్కలు ఇలా తయారైనవే.

కలబంద, స్నేక్ ప్లాంట్, డ్రాగన్ ఫ్రూట్ మాత్రం ఈ లెక్కలోకి రావు. అవి పత్రరంధ్రాలను రాత్రి పూట తెరిచి పగలు మూసుకుంటాయి, వాటి లాగుడు చాలా తక్కువ. లోపల మొత్తం ఎండాకే పోయండి.

5. నాటేటప్పుడు, కుండీ మార్చేటప్పుడు

నర్సరీ అతను నాతో అన్నాడు: "అక్కా, గిది మస్తు పూస్తది. రోజు రెండు పూటల నీళ్లు పొయ్యి, ఏం గాదు." వాళ్ల షెడ్డు నీడలో, అంత చిన్న కవరులో అది నిజమే. మన మిద్దె మీద పెద్ద కుండీలో అదే పని చేస్తే నానిపోతుంది.

మన నగరం నర్సరీల్లో అమ్మే మొక్కల్లో చాలా కడియం నుంచి వచ్చినవే. కొన్ని జిగురు మట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్దను అలాగే గుల్ల మట్టిలో పెడితే, ఒకసారి ఎండిందా, రాయైపోతుంది. చుట్టూ తడి, ముద్దలో కరువు. తేడా తెలియక నేను ఒక బొడ్డుమల్లిని పోగొట్టుకున్నాను. తవ్వి చూస్తే బయట మట్టి చెమ్మగా, ముద్ద లోపల గోధుమపిండిలా పొడిపొడిగా ఉంది.

వరస ఇలా:

- ముందు రోజు సాయంత్రం కవరులో మొక్కకు బాగా నీళ్లు పోయండి. కుండీలో మట్టిని కూడా తడిపి ఉంచండి.
- నాటడం సాయంత్రం నాలుగున్నర తర్వాతే. ఆవాల నూగు నిమిషంలో మాయమైంది గుర్తుందిగా.
- కవరు కోసి తీయండి, లాగకండి. ముద్ద జిగురుగా ఉంటే బకెట్ నీళ్లలో ఒక పావుగంట నానబెట్టి, అంచుల్లో అంగుళం మేర మెల్లగా కరిగించండి. మధ్యను కదిలించకండి.
- వేర్లు చుట్టలు చుట్టుకుని ఉంటే, రెండు మూడు చోట్ల నిలువుగా బ్లేడుతో గీయండి. పెద్ద చుట్టలు కత్తిరించేయండి. లేకపోతే ఏళ్లు గడిచినా అవి అలాగే తిరుగుతుంటాయి.
- వేర్లు ఎంత పోయాయో ఆకూ అంత తగ్గించండి. మూడో వంతు కోయడానికి మనసు ఒప్పదు, కానీ తాగే నోళ్లు తగ్గినప్పుడు లాగే చేతులూ తగ్గాలి.
- నాటాక మట్టిని చేత్తో నొక్కండి, కాలితో తొక్కకండి. వెంటనే నీళ్లు పోస్తే మట్టి వేరుకు అంటుకుంటుంది.
- నాలుగైదు రోజులు నీడలో ఉంచండి. కొత్త కొసలు, కొత్త నూగు పుట్టడానికి ఆ మాత్రం గడువు కావాలి. ఈ రోజుల్లో ఎరువు వేయకండి.

చిన్న మొక్కను ఒకేసారి ఇరవై అంగుళాల కుండీలోకి మార్చకండి. తాగే వేరు పిడికెడు, మట్టి బస్తాడు. ఆ తడి ఎప్పటికీ ఆరదు.

6. వాడిన మొక్కను చూడగానే మగ్గు ఎత్తకండి

కిందటేడు ఆగస్టులో మా కరివేపాకు తలవాల్చింది. మా అత్తగారు "దాహంగా ఉందేమోనే" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక మగ్గు, సాయంత్రం ఇంకో మగ్గు. నాలుగో రోజుకు ఆకులు పసుపుపచ్చగా మారి రాలాయి. కుండీ పక్కకు వంచి మొక్కను బయటికి తీస్తే మురుగు కాలవ వాసన. ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగాను. పై తొక్క తడిసిన అగ్గిపెట్టె కాగితంలా జారి వచ్చేసింది, లోపల సన్నటి దారం మిగిలింది. ఆ దారమే దారు నాళాలున్న నడిమి భాగం. గొట్టం ఉంది, నీళ్లు అందించే తొక్క లేదు. అడుగున రంధ్రాలను వేర్లే మూసేశాయి. కుండీలో నీళ్లు నిలిచి మొక్క దాహంతో చచ్చింది.

నీళ్లు నిలిస్తే సందుల్లో గాలి పోతుంది. ఊపిరాడని వేరు లవణాలు తోడలేదు, కణాల పొరల్లో నీరు దాటే దారులు కూడా మూసుకుంటాయి. పైన ఆకు లాగుతూనే ఉంటుంది. అందుకే ఎండకు వాడినా, బురదకు వాడినా మొక్క ముఖం ఒకలాగే ఉంటుంది. తేడా మట్టిలోనే చూడాలి.

మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి లేచిందా? బీర, సొర, గుమ్మడి లాంటి వెడల్పాకు తీగలకు మే ఎండలో ఇది మామూలే. వేరు అందించే దానికంటే ఆకు ఎక్కువ పోగొడుతోంది. ఎండ తగ్గగానే లెక్క సరిపోతుంది. ఏమీ చేయకండి, కావాలంటే యాభై శాతం గ్రీన్ నెట్ కట్టండి.

తెల్లవారుజామున కూడా వాడే ఉందా? అప్పుడు నిజంగా ఇబ్బంది. వేలు గుచ్చండి.

మట్టి పొడిగా ఉంటే: కుండీని టబ్బులో పెట్టి, సగం ఎత్తు దాకా నీళ్లు పోసి అరగంట నుంచి గంట ఉంచండి. అడుగు నుంచి నీరు పాకుతూ పైకి వస్తుంది. పైన చెమ్మ కనబడగానే తీసి, కారనివ్వండి. మర్నాటికి తేరుకుంటుంది.

మట్టి తడిగా, వాసన వేస్తుంటే: నీళ్లు ఆపండి. మొక్కను బయటికి తీసి, గోధుమరంగు మెత్తటి వేర్లను తెల్లటి భాగం వచ్చేదాకా కోసేయండి. ఆకు మూడో వంతు తగ్గించండి. కొత్త గుల్ల మట్టితో, కొంచెం చిన్న కుండీలో పెట్టి, ఒక్కసారి పోసి నీడలో ఉంచండి. మళ్లీ వేలు చెప్పే దాకా పోయొద్దు. చిగురు రావడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. ఈలోగా ఆత్రపడి టానిక్కులు పోయకండి.

మట్టి బాగానే ఉంది, వేరు కుళ్లలేదు, అయినా వాడుతోందా? టమాటా, వంగ, బెండలో రెండు అనుమానాలు. వేర్ల మీద ముడులు కట్టినట్టు బుడిపెలుంటే నులిపురుగులు. అవి నాళాలను వంకర తిప్పేసి నీటి దారిని చెడగొడతాయి. ఆ మొక్కను తీసేయండి, ఆ మట్టిని వేసవిలో పాలిథిన్ కప్పి ఎండబెట్టండి, తర్వాత ఆ కుండీలో బంతి వేయండి. బుడిపెలు లేకుండా పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాలిపోతే, మొదలు దగ్గర కాండం కోసి గాజు గ్లాసులో నీళ్లలో వేలాడదీయండి. కోసిన చోటి నుంచి పాల దారంలా తెల్లగా దిగితే బ్యాక్టీరియా వడలు తెగులు. నాళాలు దాంతో పూడుకుపోయాయి. మొక్కతో పాటు మట్టిని కూడా పారేయాల్సిందే.

7. ఎరువు దగ్గర మాగాయ గుర్తుంచుకోండి

కుండీలో గుప్పెడు యూరియా, డీఏపీ వేస్తే ఉప్పు ఇప్పుడు బయట ఎక్కువైంది. వేరులో నీరు ఊటలా బయటికి వచ్చేస్తుంది. ఆకు అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. పొలంలో ఎకరం మీద చల్లే చేతి అంచనా కుండీలో పనికిరాదు. నీళ్లలో కరిగే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు) అయితే లీటరుకు రెండు గ్రాములు నేను దాటను, అదీ తడిసి ఉన్న మట్టికే. పొడి మట్టికి ఎరువు నీళ్లు పోయడం ఖాళీ కడుపుతో ఊరగాయ తినడం లాంటిది.

ఈ పొరపాటు జరిగితే, లేక బోరు నీళ్ల వల్ల మట్టి పైన, కుండీ గోడల మీద తెల్లటి పొర కట్టితే, ముందు ఆ పొర గీకి తీసేయండి. తర్వాత నల్లా నీళ్లో వాన నీళ్లో కుండీ పరిమాణానికి రెండింతలు మెల్లగా పోసి కారనివ్వండి. పది లీటర్ల కుండీకి ఇరవై లీటర్లు. ఎండాకాలంలో బోరు నీళ్లు తప్పనివాళ్లు నెలకోసారి ఇలా కడగాలి. మిగతావాళ్లకు మొదటి వానలే ఆ పని చేసిపెడతాయి.

8. ఏ కాలంలో ఏం మారాలి

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా: పన్నెండు అంగుళాల లోపు కుండీలకు రోజూ, ఆకుకూరలకు అవసరమైతే రెండు పూటలు. నల్లటి గ్రో బ్యాగులు వేడెక్కి గోడవైపు వేర్లు మాడిపోతాయి. వాటికి గోనెసంచి చుట్టండి, కుండీలన్నీ దగ్గరగా జరపండి.

వానాకాలం: పోయడం కంటే కారుతోందో లేదో చూడటమే పని. వారానికోసారి రంధ్రంలో పుల్ల పెట్టి తిప్పండి. పళ్లేలు తీసేయండి. రెండు రోజులు ముసురు పడితే మిరప, బొప్పాయి కుండీలను వాలుగా పెట్టండి.

చలికాలం: రెండు మూడు రోజులకోసారి, ఎండ వచ్చాక. అలవాటు కొద్దీ పోయడం మానాలి, అంతే.

9. సంక్రాంతికి ఊరెళుతుంటే

వారం రోజులకు తాళం వేసి వెళ్లేవాళ్ల కోసం వత్తి పద్ధతి. పాత నూలు బనియన్‌ను వేలి మందాన పొడుగ్గా చీల్చి, పేని, నీళ్లలో నానబెట్టండి. ఒక కొసను మట్టిలో నాలుగంగుళాల లోతున పాతండి. రెండో కొసను నీళ్ల బకెట్ అడుగు తాకేలా వేయండి. బకెట్ ఒక ఇటుక ఎత్తున ఉండాలి. దీపంలో వత్తికి నూనె ఎక్కినట్టే నూలు సందుల్లో నీరు పాకుతుంది. ఒక బకెట్‌కు మూడు నాలుగు కుండీలకు మించి పెట్టకండి. వత్తి మధ్యలో గాలికి ఎండకుండా పాత స్ట్రా గొట్టంలోంచి దూర్చండి. బకెట్ మీద గుడ్డ కట్టండి, దోమలు గుడ్లు పెట్టకుండా.

ప్రయాణానికి ఐదారు రోజుల ముందే ఇది పెట్టి చూసుకోండి. రోజుకు బకెట్‌లో ఎన్ని అంగుళాలు తగ్గుతున్నాయో లోపలి గోడ మీద బొగ్గుతో గీత గీయండి. బకెట్ రెండు రోజుల్లోనే ఖాళీ అయిపోతుంటే వత్తిని సన్నం చేయండి. మట్టి బురదగా మారుతుంటే బకెట్‌ను ఇటుక మీంచి దించండి. కలబంద కుండీకి వత్తి పెట్టకండి, దానికి వారం సెలవిచ్చినా ఫర్వాలేదు.